ఇష్టమైన పాత్రని లోలిటా డ్రెస్సులోకి దించాలంటే: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

వండర్‌లాండ్ ఆలిస్ పేరుతో కట్టిన నా మొదటి లోలిటా డ్రెస్సు ఫొటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, ఎవరికీ చూపించను. లేత నీలం గౌను, దాని మీద పేకముక్కల ప్రింట్, పైన తెల్ల ఏప్రన్, చేతిలో గడియారం ఆకారంలో బ్యాగు, మేజోళ్ల మీద టీ కప్పులు, నెత్తిమీద కుందేలు చెవులు. మా చెల్లి గుమ్మంలో నిలబడి పైనుంచి కిందదాకా చూసి, "అక్కా, నువ్వు ఆలిస్‌వా, కుందేలువా?" అంది. అప్పుడు కోపం వచ్చింది గానీ అడిగింది సరైన ప్రశ్నే. కథలో కనిపించిన ప్రతి వస్తువునీ ఒంటిమీదకి ఎక్కించేశాను. ఇంతా చేస్తే ఫొటోలో ఆలిస్ లేదు, గంగిరెద్దు ఉంది.

ఆ తర్వాత చాలా పాత్రలతో ప్రయత్నించాను. కొన్ని కుదిరాయి, కొన్ని బీరువాలోకి పోయాయి. ఇప్పుడు నా లెక్క ఒకటే: పాత్ర నుంచి ఒకటి రెండు గుర్తులు తీసుకుంటే చాలు, మిగతాదంతా మామూలు మంచి లోలిటా డ్రెస్సుగానే ఉండాలి. పాత్రను పోల్చుకోలేనివాళ్లు కూడా డ్రెస్సు బాగుందనాలి. పోల్చుకున్నవాళ్లకి ఇంకాస్త సరదా. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ లెక్కతోనే చూస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. లోలిటా అంటే జపాన్‌లో, ముఖ్యంగా టోక్యోలోని హరాజుకు ప్రాంతంలో 1990లలో రూపు కట్టిన వీధి ఫ్యాషన్. మెడదాకా బొత్తాలున్న బ్లౌజు, మోకాలి దగ్గర ఆగే బాగా ఉబ్బిన గౌను, పొడవాటి మేజోళ్లు, తలకి ఏదో ఒక అలంకారం. ఆ పేరుతో 1955లో వచ్చిన నవలకీ ఈ బట్టలకీ పోలికే లేదు, ఇది ఒంటిని నిండుగా కప్పే డ్రెస్సు. తల నుంచి కాళ్ల దాకా జతపరిచిన మొత్తాన్ని కోఆర్డినేట్ అంటారు, రోజువారీ మాటల్లో కోఆర్డ్. ఇది పగటివేషం కాదు. కాస్‌ప్లేలో పాత్రలా కనిపించడమే పని, ఇక్కడ మీరు మీరుగానే ఉంటారు.

పాత్ర నుంచి ఏం తీసుకోవాలి

రంగు తీసుకోవచ్చు, ఒక వస్తువు తీసుకోవచ్చు, బట్టల తీరు తీసుకోవచ్చు. మూడూ ఒకేసారి తీసుకుంటే నా ఫొటోలాగే అవుతుంది.

అన్నిటికంటే నమ్మకమైనది రంగు. అయితే ఏ రంగు అన్న దగ్గరే చాలామంది సినిమా దగ్గర ఆగిపోతారు. స్నోవైట్ అనగానే 1937 డిస్నీ సినిమాలోని నీలం పైభాగం, పసుపు లంగా, తలలో ఎర్ర రిబ్బన్ గుర్తొస్తాయి. ఆ మూడూ కలిపి లోలిటా గౌను కడితే, ఎంత మంచి బట్టయినా, స్కూలు నాటకానికి అద్దెకి తెచ్చినట్టు ఉంటుంది. అదే 1812లో గ్రిమ్ సోదరులు అచ్చువేసిన కథలోకి వెళ్లండి. మంచంత తెలుపు, రక్తమంత ఎరుపు, నల్లచేవ మానంత నలుపు ఉన్న బిడ్డ కావాలని రాణి కోరుకుంటుంది. ఎంత హాయైన రంగుల జాబితా! పైగా అందులో నలుపు జుట్టుది. నల్లజుట్టు ఉన్నవాళ్లకి మూడోవంతు పని పుట్టుకతోనే అయిపోయింది. తెల్ల బ్లౌజు, ముదురు ఎరుపు గౌను, జుట్టు వదిలేస్తే స్నోవైట్ వచ్చేసింది. ఆపిల్ బ్యాగు కావాలంటే పట్టుకోండి, లేకపోయినా నష్టం లేదు.

ఆలిస్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1865లో వచ్చిన మొదటి పుస్తకంలో టెనియల్ గీసిన బొమ్మలు నలుపు తెలుపు, కాబట్టి గౌను రంగేమిటో తెలియదు. 1890లో చిన్నపిల్లల కోసం రంగుల్లో వచ్చిన సంచికలో ఆమె గౌను పసుపు. నీలం అంతకు ముందో తర్వాతో అక్కడక్కడా కనిపించినా, జనం మనసులో గట్టిగా అతుక్కున్నది 1951 డిస్నీ సినిమాతోనే. అంటే మీకు రెండు దారులు. నీలం తీసుకుంటే గదిలో అందరూ గుర్తుపడతారు. పసుపు తీసుకుంటే ఏప్రన్ సాయం కావాలి, కానీ అలాంటి ఆలిస్ ఆ గదిలో మీరొక్కరే. మొదటిసారి కడుతున్నవాళ్లకి నేను నీలమే చెబుతాను. రెండో ఆలిస్ అయితే పసుపు.

బట్టల తీరు విషయంలో ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. పాత్ర గుర్తు ఇప్పటికే లోలిటాలో ఉందా? ఆలిస్ ఏప్రన్, ఎర్రటోపీ పిల్ల కేప్, నావికుల కాలర్, ఇవన్నీ లోలిటాలో ముందునుంచీ ఉన్నవే. ఇలాంటి పాత్రలు తేలిక. కవచాలు తొడిగే వీరులు, ప్యాంట్లేసుకునే హీరోలు అయితే తీరు వదిలేసి రంగే తీసుకోండి. లేదా గౌనే వద్దనుకుని ఓజీ వైపు వెళ్లండి. ఓజీ అంటే రాకుమారుడు. పొట్టి నిక్కరు, వెయిస్ట్‌కోటు, కుచ్చుల కాలర్ చొక్కాతో ఉండే శైలి అది, లోలిటాకి జోడీగా నడుస్తుంది. మగపాత్రని బలవంతంగా గౌనులోకి తోయడం కంటే ఇది చాలాసార్లు బాగుంటుంది.

ప్రింటా, ఒకే రంగు గౌనా

ఎక్కువ డబ్బు ఖర్చయ్యేదీ, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే, అందుకే కాస్త ఆగుతాను.

లోలిటా బ్రాండ్లు ఏదో ఒక కథనో, వస్తువునో తీసుకుని అంచు చుట్టూ బొమ్మలు పరిచిన ప్రింట్లు తెస్తాయి. ఒకే ప్రింట్ నాలుగైదు రంగుల్లో, రెండు మూడు కుట్టు తీరుల్లో వస్తుంది. దానికి జతగా మేజోళ్లు, తల అలంకారం కూడా అదే పేరుతో అమ్ముతారు. మీ పాత్రకి సరిపడే ప్రింట్ కనిపించగానే మనసు ఆగదు. కానీ ప్రింట్ కొంటే కథ మొత్తం గౌనే చెప్పేస్తుంది. ఇంకేం తగిలించినా చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. కాబట్టి ప్రింట్ కొన్నవాళ్లు మిగతావన్నీ సాదాగా ఉంచాలి: ప్రింట్‌లో ఉన్న ఏదో ఒక చిన్న రంగుని ఏరుకుని, బ్లౌజూ మేజోళ్లూ బూట్లూ దాని చుట్టూ కట్టుకోవాలి. జతగా అమ్మే మేజోళ్లు కొనకండి అంటాను. అందరూ కొంటారు, నేనూ కొన్నాను, ఆ టీ కప్పుల మేజోళ్లు అవే.

ఒకే రంగు గౌను కొంటే పని తిరగబడుతుంది. గౌను ఏమీ చెప్పదు, మీరే చెప్పాలి. అందుకు ఆలోచన ఎక్కువ కావాలి, కానీ అదే గౌను ఈ నెల ఆలిస్‌కి, వచ్చే నెల సిండ్రెల్లాకి పనికొస్తుంది. లేత నీలం గౌనుకి ఏప్రన్ తీసేసి, వెండి రంగు బూట్లు, తెల్ల చేతితొడుగులు వేయండి, మనిషి మారిపోతుంది.

మీకు ఆ ఒక్క పాత్ర అంటేనే ప్రాణం అయితే, ఇంకో పది కోఆర్డ్‌లు కట్టే ఉద్దేశం లేకపోతే, ప్రింట్ కొనండి. తృప్తి దానికే ఎక్కువ. పాత్రలు మారుస్తూ ఆడుకోవాలనుకుంటే ఒకే రంగు గౌనే. రెండిటి మధ్య ఊగుతున్నవాళ్లకి గళ్ల బట్టలు, సన్నచారలు ఉన్నాయి. 1871లో వచ్చిన రెండో ఆలిస్ పుస్తకం బొమ్మల్లో ఆమె మేజోళ్ల మీద అడ్డచారలున్నాయి, జుట్టుకి బ్యాండ్ కూడా అందులోనే వచ్చింది. సాదా గౌనుకి ఆ చారల మేజోళ్లు, ఆ బ్యాండ్ పెడితే చాలు, కుందేలు, గడియారం ఏమీ అక్కర్లేదు.

స్వీట్, క్లాసిక్, గోతిక్

ఒకే పాత్రని ఈ మూడు దారుల్లో దేనిలోకైనా తీసుకెళ్లవచ్చు. లేత రంగులు, పెద్ద పెద్ద రిబ్బన్ ముడులు (బో), గుండ్రంగా ఉబ్బిన ఆకారం స్వీట్. ఏంజెలిక్ ప్రెట్టీ, 1988లో మొదలైన బేబీ ద స్టార్స్ షైన్ బ్రైట్ ఆ దారికి పెద్ద పేర్లు. మట్టి రంగులు, చిన్న పూలు, నిదానమైన ఆకారం క్లాసిక్. ఇన్నోసెంట్ వరల్డ్, విక్టోరియన్ మెయిడెన్ చూడండి. గోతిక్‌కి మాలిస్ మిజెర్ బ్యాండ్ గిటారిస్ట్ మానా 1999లో పెట్టిన మువా మెమ్ మువాత్యే అనే బ్రాండ్ ఉంది.

పాత్ర ఏ కథలోంచి వచ్చిందన్న దాన్ని బట్టి కాకుండా, పాత్రలో మీకు నచ్చిందేమిటో దాన్ని బట్టి శైలి ఎంచుకోండి. ఆలిస్‌లో ఆ ఆకతాయితనం నచ్చితే స్వీట్. పుస్తకం పాత వాసన నచ్చితే క్లాసిక్, అక్కడ పసుపు గౌను అతికినట్టు కూర్చుంటుంది. కథలోని పీడకల నచ్చితే గోతిక్. నలుపూ ముదురు నీలమూ మువా మెమ్ మువాత్యేకి గుర్తు లాంటి జంట, అందులోకి ఆలిస్ నీలం ఇట్టే ఒదిగిపోతుంది. నల్ల గౌను, ముదురు నీలం రిబ్బన్, మెడలో ఒక్క తాళంచెవి. నేను చూసిన ఆలిస్‌లలో అందమైనది అలాంటిదే.

గోతిక్‌తో ఒక జాగ్రత్త. నల్ల గౌనుకి మెరిసే తెల్ల లేసు కుట్టినవి చవగ్గా చాలా దొరుకుతాయి. నలుపు మీద పాలలాంటి తెలుపు ప్రతి కుట్టునీ, ప్రతి లోపాన్నీ దండోరా వేసి చెబుతుంది. కొత్తవాళ్లు నలుపుతో మొదలుపెట్టేది అది తేలికనుకుని, కానీ చవక బట్టలో నలుపే అన్నిటికంటే కష్టం. నలుపు మీద నలుపు లేసే ఉన్నది తీసుకోండి.

జేఎస్‌కే, ఓపీ, స్కర్ట్

చేతులు లేని గౌను, లోపల బ్లౌజు వేసుకునేది జేఎస్‌కే. చేతులతో సహా కుట్టిన గౌను ఓపీ. స్కర్ట్ అంటే స్కర్టే. పాత్ర కోఆర్డ్‌కి జేఎస్‌కే కొనండి. బ్లౌజు మారిస్తే పాత్ర మారుతుంది. గుండ్రని కాలర్ అయితే చిన్నపిల్ల, మెడ మీద నిలబడే కాలర్ అయితే రాణి. ఓపీలో ఆ అవకాశం పోతుంది, కాకపోతే ఒకే ముక్క కాబట్టి టెన్షన్ తక్కువ. స్కర్ట్ చవక, కానీ నడుము దగ్గర బ్లౌజు బయటికి వస్తూ సర్దుకోవడంతోనే సాయంత్రం గడిచిపోతుంది.

కొలతలు చూడకుండా డబ్బు కట్టకండి. జపాన్ బ్రాండ్లలో చాలా గౌన్లు ఒకే సైజులో వస్తాయి, వీపు దగ్గర ఎలాస్టిక్ కుచ్చులు ఉంటే కొంత సాగుతాయి. షిర్రింగ్ అని రాసి ఉన్నది అదే. అది లేని గౌను అంగుళం తేడా వచ్చినా జిప్ పడదు. ఛాతీ, నడుము కొలతలతో పాటు భుజం నుంచి అంచు దాకా పొడవు కూడా చూడండి. కాస్త పొడుగరులకి అక్కడే దెబ్బ: ఫొటోలో మోకాలి దాకా ఉన్నది ఇంటికొచ్చాక తొడ మీదే ఆగుతుంది, లోపలి లంగా ఉబ్బితే ఇంకో రెండు వేళ్లు పైకి లేస్తుంది.

లోపలి లంగా అన్నాను కదా, పెటికోట్. గౌను కంటే ముందు కొనాల్సింది అది. అది లేకపోతే ఎంత ఖరీదైన గౌనైనా తడిసిన గొడుగులా వేలాడుతుంది. నెట్‌తో, క్యాన్‌క్యాన్‌తో కుట్టినవి చవక, ఒంటికి గుచ్చుకుంటాయి, త్వరగా చప్పబడతాయి. ఆర్గంజా నిలబడుతుంది. గుండ్రంగా ఉబ్బాలా, నడుము నుంచి అడుగుదాకా వాలుగా విప్పారే ఏ-లైన్‌లా ఉండాలా అన్నది గౌను కుట్టు చూసి నిర్ణయించుకోండి. నిండా కుచ్చెళ్లున్న గౌనుకి గుండ్రం, కళీలు కలిపి కుట్టిన గౌనుకి ఏ-లైన్.

ఎక్కడ కొనాలి

కొత్తది నేరుగా బ్రాండ్ దగ్గర కొంటే బట్ట గురించి బెంగ ఉండదు. కానీ మీ పాత్రకి సరిపడే ప్రింట్ ఇప్పుడు అమ్మకంలో ఉండాలి కదా. లోలిటా ప్రింట్లు కొద్దిగా తీసి ఆపేస్తారు, మళ్లీ తీస్తారో లేదో వాళ్ల ఇష్టం.

అందుకే పాత్ర కోఆర్డ్ కట్టేవాళ్లకి సెకండ్ హ్యాండే అసలు దుకాణం. జపాన్‌లో క్లోజెట్ చైల్డ్ లాంటి షాపులు ఈ బట్టల కోసమే ఉన్నాయి, దేశాల మధ్య చేతులు మారడానికి లేస్ మార్కెట్ అనే వెబ్‌సైట్ ఉంది. జపాన్ వాళ్లు సెకండ్ హ్యాండ్ బట్టకి మరకనీ, సన్నటి గీతనీ కూడా వివరంగా రాస్తారు. ఆ వివరాలు ఒకటికి రెండుసార్లు చదవండి, విడి నడుము రిబ్బన్ ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి, ఎక్కువగా పోయేవి అవే. గౌను అసలు ఏ ఏడాది, ఏ రంగుల్లో వచ్చిందో తెలుసుకోవాలంటే లోలైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో వెతకండి, ప్రింట్ పేరుతో సహా దొరుకుతుంది. దాంతో పోల్చుకుంటే నకళ్లు కూడా బయటపడతాయి.

చైనా చిన్న బ్రాండ్లు ధర తక్కువకే ఎన్నో కథల మీద ప్రింట్లు తెస్తున్నాయి, సైజులు కూడా ఎక్కువ. ముందు డబ్బు తీసుకుని తర్వాత కుట్టే పద్ధతి చాలా వాటిది, నెలల తరబడి ఎదురుచూపు ఉంటుంది. తేదీ పెట్టుకుని కార్యక్రమానికి కడుతుంటే ఈ దారి వద్దు. నేను అలాగే ఒక ఎర్ర కేప్ చెప్పి, అది కావాల్సిన రోజు దాటిపోయిన చాలా రోజులకి అందుకున్నాను.

కుట్టించుకోవడం నాలుగో దారి. గౌను జోలికి పోవద్దు. ఏప్రన్, కేప్, తల బో, ఇవి కుట్టించుకోండి. పాత్ర గుర్తు ఎలాగూ వీటిలోనే ఉంటుంది, కొలతల బాధ తక్కువ, తప్పొచ్చినా గౌను పాడవదు.

రెండు తెలుపులు

కుట్టించుకునేవాళ్ల కోసం నా ఏప్రన్ కథ. బజార్లో కొన్న తెల్ల కాటన్‌తో కుట్టించాను, చక్కగా వచ్చింది. ఇంట్లో దీపం కింద బ్లౌజు మీద వేసుకుంటే రెండూ తెలుపే. బయట ఎండలోకి రాగానే బ్లౌజు మాసిపోయినట్టు కనిపించింది. అది మాసిపోలేదు, పుట్టుకే మీగడ రంగు. ఏప్రన్ నీలం ఛాయ ఉన్న తెలుపు. పక్కపక్కన పెడితే మీగడ తెలుపే ఓడిపోతుంది, ప్రతిసారీ.

అప్పటినుంచి ఏది కొన్నా ముందు కిటికీ దగ్గర నిలబడి, ఒక తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తాను. కాగితంతో కలిసిపోతే తెలుపు, కాగితం పక్కన పసుప్పచ్చగా కనిపిస్తే మీగడ. బ్లౌజు, లేసు, మేజోళ్లు, ఏప్రన్, అన్నీ ఒకే గుంపులోవి ఉండాలి. ఇప్పటికే మీ దగ్గర రెండు రకాలూ ఉంటే రెండూ ఒకదాన్నొకటి తాకకుండా దూరంగా ఉంచండి: మీగడ బ్లౌజు పైన, పాల తెలుపు మేజోళ్లు కింద, మధ్యలో గౌను.

తలా, కాళ్లూ

తలకి బొనెట్, అంటే గడ్డం కింద ముడేసే టోపీ, పెడితే పాతకాలం, బో పెడితే చిన్నతనం, హెయిర్ బ్యాండ్ పెడితే మామూలు రోజు. విగ్గు పాత్ర జుట్టు రంగు కోసమే అయితే మానేయండి. అక్కడే కోఆర్డ్ వేషంలోకి జారిపోతుంది. ఆలిస్ అనగానే బంగారు రంగు జుట్టు కొనేవాళ్లకి నేను అడ్డుపడేది అందుకే. మీ జుట్టుకి నప్పే రంగులో బ్యాండ్ పెట్టుకోండి, జనం గుర్తుపడతారు.

బూట్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గుండ్రటి ముక్కు, పట్టీ, మడమ వెడల్పుగా ఉన్నవి తీసుకోండి, నల్లవి ఒక జత ఉంటే సగం కోఆర్డ్‌లు గట్టెక్కుతాయి. పాత్ర కోసం ప్రత్యేకంగా బూట్లు కొనడం చివరి పని, చాలాసార్లు అనవసరం.

ఇప్పుడు నా రెండో ఆలిస్ ఎలా ఉందో చెప్తాను. ఆవపువ్వు రంగులో సాదా జేఎస్‌కే, సెకండ్ హ్యాండ్. గుండ్రని కాలర్ ఉన్న మీగడ తెలుపు బ్లౌజు, అదే రంగు ఏప్రన్, ఈసారి కిటికీ దగ్గర సరిచూసి కుట్టించినది. నీలం హెయిర్ బ్యాండ్, నీలం మీగడ చారల మేజోళ్లు, నల్ల బూట్లు. చేతిలో మామూలు బ్యాగు. ఇంట్లో వేసుకుని అరగంట కూర్చున్నాను, వంగాను, మెట్లు దిగాను. ఏప్రన్ ముడి వెనక జారింది, లోపల ఒక పిన్ను పెట్టాను. పెటికోట్ అంచు బయటికి కనిపించలేదు. చెల్లి మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. కాసేపు చూసి, "ఆలిస్ గౌను నీలం కదా?" అంది.

కుందేలు చెవులు ఇప్పుడు దాని గదిలో ఉన్నాయి.